వానపాములు నిలవని మళ్ళు

ఇల్లు, పెరటివైపు గది
మార్చి మొదటి వారం

మరదలికి,

చివరి రోజు ఎలా గడిచిందో రాయమన్నావు. రాస్తున్నాను.

పొద్దున మీ అక్క తనంతట తానే లేచి కూర్చుంది. అంతకుముందు కొన్నాళ్ళుగా మేమే కూర్చోబెట్టాల్సి వచ్చేది. మొహం కడిగించుకుంది. కిటికీ తెరవమంది. అక్కణ్ణుంచి పెరట్లో మళ్ళు మూడూ కనిపిస్తాయి. చెక్క పలకలతో కట్టినవి రెండు, ఇటుకలతో కట్టింది ఒకటి. టమాటాలకు కర్రలు కట్టావా అని అడిగింది. కట్టానన్నాను. కట్టలేదు. తనకు తెలిసే ఉంటుంది, నవ్వింది.

మా అమ్మాయి పై వాటాలోంచి పాలు తెచ్చింది. రెండు చెంచాలు తాగి, నోరంతా ఇనుప మేకు చప్పరించినట్టుందని చెంచా పక్కకు నెట్టింది. ఉడుతను తీసుకురమ్మంది. మనవరాలిని మేమంతా అలాగే పిలుస్తాం. రెండున్నరేళ్ళది, చేతికి దొరికినదాన్ని కొరక్కుండా వదలదు. అది పలకల మడిలో కోసుకున్న టమాటాతోనే వచ్చి, మంచమెక్కి, అమ్మమ్మ నోటికి అందించింది. మీ అక్క కొరికినట్టు నటించింది.

మధ్యాహ్నం డాక్టరు వచ్చాడు. మూత్రపిండాలు పూర్తిగా చేతులెత్తేశాయన్నాడు. ఎందుకు అలా అయ్యాయో మొదటి నుంచీ ఆయన చెప్పలేదు, మేమూ అడగలేదు. ఆయన వెళ్ళాక మీ అక్క నన్ను దగ్గరికి పిలిచింది.

"చెల్లి వానపాములు పంపిస్తానంది. వచ్చాయా?"

రాలేదన్నాను.

"వస్తే మూడింటిలోనూ వెయ్యి. మళ్ళు ఎండనివ్వకు. ఉడుత ఇంకేమీ తినడంలేదు."

అంతే. తర్వాత పడుకుంది. నేను పక్కన కుర్చీలో పేపరు చదువుకుంటూ కూర్చున్నాను. ఎండ మంచం మీదికి వచ్చినప్పుడు కర్టెన్ వేద్దామని లేచాను. అప్పటికే లేదు.

నువ్వు వచ్చేసరికి అంతా అయిపోయిందని బాధపడకు. నేను గదిలోనే ఉండి కూడా చూడలేదు.

వానపాములు పంపగలవా?

బావ


షెడ్డు
మార్చి

బావా,

నీ ఉత్తరం షెడ్డులోనే చదివాను. ఇంట్లో చదివితే మా ఆయన నా మొహం వంక చూస్తూ కూర్చుంటాడు. ఇక్కడ తొట్లలో పెంచే వానపాములకు కళ్ళు లేవు, ఎంతసేపు ఏడ్చినా అడిగేవాళ్ళు లేరు.

ఫోను చెయ్యకుండా ఈ ఉత్తరాలేమిటని అమ్మాయి నవ్వుతోందట. నీతో ఫోనంటే గోడతో కబుర్లాడినట్టు కదా. "ఊఁ", "సరే", "ఉంటాను". కాగితం చేతికిస్తే మాత్రం నాలుగు వాక్యాలు రాలుస్తావు. అక్క అనేది గుర్తుందా? "మీ బావ ఊరందరి మాటలూ అచ్చువేసి వస్తాడే. ఇల్లు చేరేసరికి సిరా అయిపోతుంది." ప్రెస్సు మూసేశాక కూడా నువ్వేం మారలేదని చెప్పి మళ్ళీ నవ్వేది.

సరే, పని మాట. పెట్టె పార్సిల్ బస్సులో వేశాను. రెండు రకాలు పెట్టాను. సన్నగా, ఎర్రగా ఉండేవి పైపైన తిరుగుతూ కుళ్ళిన ఆకు తింటాయి. లావుగా, మట్టిరంగులో ఉండేవి లోతుకు దిగుతాయి. ఎండలో వెయ్యకు, పొద్దు వాలాక వెయ్యి. ముందు మట్టి తడుపు. తడపమన్నాను కదా అని బురద చేసేవు! పిడికిట్లో నొక్కితే ముద్దవ్వాలి, నీళ్ళు కారకూడదు. గుంట తీసి పూడ్చిపెట్టకు, అవేం చచ్చినవి కావు.

రాశాక చూసుకున్నాను ఆ మాట. కొట్టెయ్యనులే. అక్కయితే నవ్వేది.

మట్టి మీద వదిలేస్తే వాటంతట అవే దిగుతాయి. పైన ఎండాకులు, బాగా మాగిన పేడ ఎరువు చల్లి, తడి గోనెపట్టా కప్పు. తెల్లారేదాకా ఎత్తి చూడకు. ఒక ప్రూఫు మూడుసార్లు చూసే మనిషివి, నువ్వు ఆగలేవని తెలుసు. అయినా ఆగు.

ఉడుతను వాటి దగ్గరికి పోనివ్వకు. పాపం, అవి దాన్నేమీ చెయ్యవు. అదే కొరికేస్తుంది.

మరదలు
(ఇక్కడివాళ్ళు పెట్టిన పేరు పాములావిడ. నువ్వు కూడా అలా పిలిచావో, రెండో పెట్టె రాదు.)


పెరటివైపు గది
మార్చి ఆఖరు

మరదలికి,

పెట్టె చేరింది. దారిలో ఏమీ చావలేదు. అన్నీ నువ్వు చెప్పినట్టే చేశాను. మట్టి తడిపాను, పిడికిట్లో నొక్కి చూశాను, పొద్దు వాలాక మూడు మళ్ళలోనూ సమానంగా వదిలాను. ఉడుత అమ్మాయి చంకలోంచి వంగి చూసి "అమ్మమ్మ దారాలు" అంది. మీ అక్క కుట్టుడబ్బా నేల మీద ఒంపితే అలాగే ఉండేది. అమ్మాయి మొహం తిప్పుకుంది.

పొద్దున గోనెలు ఎత్తాను. ఇటుకల మడిలో ఒక్కటీ పైన లేదు. మట్టి మీద అవి వేసిన చిన్న చిన్న గుళికలు కనిపించాయి. కాపురం పెట్టాయన్నమాట.

పలకల మళ్ళు రెండూ అలా లేవు. మొదటిదాంట్లోవి పలకలెక్కి అవతలికి దిగిపోయాయి. పెరడంతా సిమెంటు గచ్చు. పడినవి పడినచోటే ఎండిపోయాయి. రెండోదాంట్లో కొన్ని మాత్రం మిగిలాయి. అవీ లోపలికి దిగలేదు, గోనెకు అంటుకుని ఉన్నాయి. ముట్టుకుంటే కదిలాయి, అంతే.

అమ్మాయి లేవకముందే గచ్చు ఊడ్చేశాను. అయినా పలక అంచుమీద రెండు చూసి ఏమైందని అడిగింది. చీమలన్నాను. చీమలు లేవు.

నేను ఏదైనా తప్పు చేసి ఉంటే రాయి.

బావ


షెడ్డు
ఏప్రిల్

బావా,

అంత దిగులుపడకు. కొత్త చోటికి వస్తే మనుషులకే మొదటిరోజు నిద్రపట్టదు. నా పెళ్ళయిన కొత్తలో నేను మూడుసార్లు పుట్టింటికి పారిపోయి రాలేదా? అక్కే కదా ప్రతిసారీ వెనక్కి తీసుకొచ్చి దిగబెట్టింది.

పేడ సరిగ్గా మాగకపోయినా ఆ వేడికి పైకి వచ్చేస్తాయి. కుళాయి నీళ్ళలో కలిపే మందు కూడా వాటికి పడదు. నీళ్ళు ఒక రోజంతా బకెట్లో నిలవ ఉంచి పొయ్యి. పురుగుమందేమైనా కొట్టావా? నిజం చెప్పు, తిట్టను. తిడతాననుకో, అయినా చెప్పు.

ఇదంతా రాస్తున్నాను కానీ నాకే నమ్మకం కుదరడంలేదు. నీళ్ళు మూడింటికీ ఒకటే. పేడ ఒకటే. ఆకులూ గోనెలూ ఒకటే. పోసింది ఒకే చెయ్యి. ఇటుకల మడి నచ్చిన వాటికి పలకల మళ్ళు ఎందుకు నచ్చలేదు?

రెండో పెట్టె పంపుతున్నాను. ఈసారి మళ్ళలో వెయ్యకు. మూడు కుండీలు తీసుకో. ఒక్కో మడి మట్టి ఒక్కో కుండీలో నింపి, గుప్పెడు చొప్పున వేసి, పైన పల్చటి గుడ్డ కట్టు. పారిపోవడానికి దారి లేకుండా చేస్తే ఏం చేస్తాయో చూద్దాం. కుండీలు నీడలో పెట్టు.

ఇంకొకటి. పలకల మళ్ళు రెండూ అక్క ముందు కట్టుకుంది, ఇటుకలది చాలా తర్వాత. అవునా? ఆ మొదటి రెండింటిలో మట్టితోపాటు ఏం కలిపేదో గుర్తు తెచ్చుకుని రాయి.

కర్రలు కట్టావా టమాటాలకు? ఇప్పుడైనా?

మరదలు


పెరటివైపు గది
మే

మరదలికి,

కర్రలు కట్టాను.

కుండీల సంగతి. ఇటుకల మడి మట్టిలోవి బాగున్నాయి. మిగతా రెండు కుండీల్లోవి కిందికి దిగలేదు. అన్నీ ఒకదాన్నొకటి చుట్టుకుని, ఉండలాగా గుడ్డకు ఆనుకుని ఉన్నాయి. గుడ్డ విప్పేసరికి కొన్ని మెత్తబడిపోయాయి. వాసన వచ్చింది. నీళ్ళు నిలవ ఉంచినవే పోశాను. పురుగుమందు ఈ ఇంట్లో ఎప్పుడూ కొట్టలేదు. మీ అక్క కొట్టనివ్వదు.

విచిత్రమేమిటంటే, ఆ రెండు మళ్ళలో మొక్కలు పచ్చగా ఉన్నాయి. ఇటుకల మడిలో కాపు ఇంకా మొదలే కాలేదు. పాలకూరా, టమాటాలూ రోజూ పలకల మళ్ళలోంచే వస్తున్నాయి. మేమందరం తింటున్నాం. అమ్మాయి ఆఫీసుకు కట్టుకుని వెళ్తోంది. అమ్మ చేతిమొక్కలు నాన్నా, ఒక్క కాయ కూడా వృథా చెయ్యకు అంటుంది. మొన్న ఒకటి పండి రాలిపోతే కడిగి తానే తినేసింది.

ఉడుత పొద్దున లేస్తూనే చెప్పుల్లేకుండా మెట్లు దిగి నేరుగా మొదటి మడి దగ్గరికి వెళ్తుంది. కాయ తెంపి గౌనుకు తుడుచుకుని తింటుంది. అలా తుడుచుకోవడం మీ అక్క నేర్పిందే. ఇంకేం పెట్టినా ఉమ్మేస్తోంది. పది రోజులుగా కడుపునొప్పని ముడుచుకుంటోంది. విరేచనం సరిగ్గా కావడంలేదు. ఊరికే చిరాకుపడుతోంది. డాక్టరు నులిపురుగులని మందిచ్చాడు.

ఇంకో మార్పు. మాటలు తగ్గించేసింది. నీళ్ళు కావాలంటే ఇదివరకు "తాతా, నీళ్ళు" అనేది. ఇప్పుడు వేలు చూపిస్తోంది. అమ్మమ్మ మీద దిగులని అమ్మాయి అంటుంది. చిన్నపిల్లలకూ దిగులుంటుందట. అయ్యుండవచ్చు. దిగులైతే ఇంట్లో కరువేమీ లేదు.

ఇక పెట్టెలు పంపకు. చావడానికి తెప్పించుకున్నట్టుంది.

బావ


షెడ్డు
మే

బావా,

నువ్వు ప్రూఫులో ఒక్క చుక్క వదిలేవాడివి కాదు. నేను అడిగిన ప్రశ్న ఎలా వదిలేశావు?

మళ్ళీ అడుగుతున్నాను. ఆ రెండు మళ్ళలో అక్క ఏం కలిపేది?

నీకు తెలియని సంగతి ఒకటి చెప్పాలి. పోయినేడు అక్క ఫోన్లో నాతో అంది, సూదిలో దారం ఎక్కించలేకపోతున్నానని. వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయంది. కప్పు పట్టుకుంటే మణికట్టు దానంతట అదే వాలిపోతోందంది. కడుపునొప్పి, విరేచనం కాకపోవడం. నోట్లో ఇనుము రుచి. బావతో అనకే, హడావుడి చేస్తాడు అంది. నువ్వు! హడావుడి! నవ్వుకున్నాం ఇద్దరం. వయసు మీదపడిందే అక్కా అని ఏడిపించాను కూడా.

నీ ఉత్తరంలో ఉడుత గురించి రాసిన నాలుగు ముక్కలూ చదువుతుంటే నాకు అక్క గొంతు వినిపిస్తోంది. వయసు మీదపడటానికి దానికేం మూడేళ్ళు కూడా లేవు.

మీ ప్రెస్సుకు నేను వచ్చినప్పుడల్లా శనివారమే వచ్చేదాన్ని. శనివారం మీరు అరిగిపోయిన టైపు అక్షరాలను కరిగించేవాళ్ళు. అక్క నీకు అన్నం తెచ్చేది. తిరిగి వెళ్ళేటప్పుడు క్యారేజీతోపాటు ఇంకో చేతిలో పెద్ద రేకు డబ్బా ఉండేది, బరువుగా, ఒక పక్కకి ఒరిగి నడిచేది. నేను అందుకోబోతే ఇచ్చేది కాదు, చీర పాడవుతుందే అనేది.

ఆ డబ్బాలో ఏముండేది బావా?

మరదలు


పెరటివైపు గది
జూన్

మరదలికి,

బూడిద.

అరిగిన అక్షరాలను మూకుడులో వేసి కరిగిస్తే సీసం మీద మురికి తెట్టులా తేలుతుంది. దాన్ని గరిటెతో తీసి పొయ్యి పక్కన బూడిదలో పడేసేవాళ్ళం. సాయంత్రానికి అంతా కలిసి ఒకటే కుప్ప. చూడ్డానికి మామూలు బూడిదే. మొక్కలకు బూడిద మంచిదని మీ అక్క డబ్బాలో ఎత్తుకుని వెళ్ళేది. పనివాళ్ళు అమ్మగారి కోసమని పక్కకు తీసి ఉంచేవారు. పారెయ్యడమనేది తనకు చేతకాదు కదా. కాగితాల పెట్టెల చెక్కలే ఆ రెండు మళ్ళకు పలకలయ్యాయి, ఈ బూడిద ఎరువయింది. ప్రెస్సు మూసేదాకా ప్రతి శనివారం. ఇటుకల మడి ఆ తర్వాత కట్టింది. దాంట్లో బూడిద పడలేదు.

నీ ఉత్తరం రాగానే మొదటి మడిలో మోచేతిదాకా తవ్వాను. మట్టిలో బూడిదరంగు పూసలు ఉన్నాయి. ఆవగింజంతవి, అంతకంటే చిన్నవి. నలిపితే వేలికి మెరుపు అంటింది. ఒక చోట అక్షరం దొరికింది. కడిగాను. సగం కరిగి ఉంది. ఒకప్పుడు అచ్చక్షరాలను చీకట్లో వేలితో తడిమి చదివేవాణ్ణి, దీన్ని వెలుతురులో పెట్టి చూసినా ఏ అక్షరమో పోల్చుకోలేకపోయాను.

అమ్మాయికి ఇంకా చెప్పలేదు. ఆఫీసుకు వెళ్ళేముందు అది రోజూ ఆ మళ్ళ దగ్గర కాసేపు నిలబడుతుంది. పీకేస్తే తన తల్లి చేతిమొక్క ఒక్కటి కూడా మిగలదు. నాకూ అంతే. ఎండనివ్వనని మాటిచ్చాను. ఈ పొద్దున నీళ్ళు కూడా పోశాను. తెలిసే పోశాను.

మట్టి ఎక్కడైనా పరీక్ష చేయించి, ఖాయంగా తెలిశాక చూద్దామనుకుంటున్నాను. కొంచెం ఆలోచించుకోనీ.

బావ


షెడ్డు
జూన్

బావా,

ఏం ఆలోచిస్తావు? నువ్వు ఆలోచిస్తున్నావు, అది తింటోంది.

మట్టి పరీక్ష తర్వాత. వానపాములు ఆ పరీక్ష రెండుసార్లు చేసి చూపించాయి. ముందు పిల్లను చూపించు. రక్తంలో సీసం చూడమని నోరు తెరిచి అడుగు. అడగకపోతే ఎవరూ చూడరు, మళ్ళీ నులిపురుగుల మందే రాసిస్తారు. ప్రెస్సు సంగతి, బూడిద సంగతి, అంతా చెప్పు. అమ్మాయిదీ నీదీ కూడా తీయించుకోండి. దాని చేతులు సబ్బుతో కడిగించు. చెప్పుల్లేకుండా పెరట్లోకి పంపకు. ఆ కాయలు ఇంట్లో ఉన్నవి కూడా తీసెయ్యి.

మాటిచ్చానంటావు. అక్క అన్న మాట నువ్వే నాకు రాశావు. మళ్ళు ఎండనివ్వకు, ఉడుత ఇంకేమీ తినడంలేదు. ఆ రెండో ముక్క కోసమే మొదటి ముక్క అంది. నువ్వు మొదటిది పట్టుకుని వేలాడుతున్నావు.

అక్క చేతిమొక్క ఒకటి పై వాటాలో ఉంది బావా. దాని సంగతి చూడు.

నేను వస్తున్నాను. పెట్టె తేవడంలేదు.

మరదలు


పెరటివైపు గది
అదే నెల

మరదలికి,

నీ ఉత్తరం మధ్యాహ్నం అందింది. నువ్వు బయలుదేరేలోపు ఇది చేరుతుందో లేదో తెలియదు. అయినా రాస్తున్నాను.

చదివి కిటికీలోంచి చూశాను. ఉడుత మొదటి మడి దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. చేతిలో కాయ లేదు. నోరు ఆడుతోంది. వెళ్ళి చూస్తే మట్టి. వేలుపెట్టి తీశాను. కొరికింది. గట్టిగా ఏడ్చింది. ఆ చప్పుడుకు అమ్మాయి మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది.

"ఏంటి నాన్నా ఆ మోటుతనం? మట్టేగా. అమ్మ పెంచిన మట్టి."

"అమ్మదే. అందులో సీసం ఉంది."

బూడిద సంగతి చెప్పాను. వానపాముల సంగతి చెప్పాను. అడ్డుపడకుండా విన్నది. తన కొంగుతో ఉడుత నాలుక తుడుస్తూనే ఉంది. తుడిచినచోటే మళ్ళీ మళ్ళీ తుడిచింది.

"అమ్మకు కూడా ఇదేనా?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. ఇక తెలిసే దారి లేదు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పోయిన వారం."

"పోయిన వారమంతా నీళ్ళు పోశావు."

అది అడగలేదు, చెప్పింది. పిల్లను ఎత్తుకుని పైకి వెళ్ళి తలుపు వేసుకుంది. గడియ పెట్టిన చప్పుడు వినిపించింది.

దీపాలు పెట్టే వేళకు దిగి వచ్చింది. గిన్నెలో ఉన్న టమాటాలు, ఫ్రిజ్‌లోని పాలకూర, ఆఫీసు డబ్బాలో మిగిలిన కూర, అన్నీ ఒక సంచిలో వేసి నా కాళ్ళ దగ్గర పెట్టింది. ఉడుతను ఎక్కడికి తీసుకెళ్ళాలని అడిగింది. పెద్దాసుపత్రికన్నాను. నేనూ వస్తానన్నాను. వద్దనలేదు. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి, "ఇందాక అది నన్ను పిలవబోయి ఆగిపోయింది నాన్నా. నోట్లోనే ఉండిపోయింది" అంది.

ఉడుత రోజూ వెలుతురు రాగానే లేస్తుంది. రేపు ఉదయం దానికంటే ముందు నేను లేస్తాను. పలకల మళ్ళు రెండింటిలోనూ మొక్కలన్నీ వేళ్ళతో సహా పీకేస్తాను. కర్రలు కూడా. మట్టి మీద పట్టా కప్పి చుట్టూ ఇటుకలు పెడతాను. చేతులు కడుక్కుంటాను. తర్వాత దాన్ని ఎత్తుకుని అమ్మాయితో ఆసుపత్రికి వెళ్తాను. రక్తంలో సీసం చూడమని నేనే అడుగుతాను. చూస్తామనేదాకా అక్కణ్ణుంచి కదలను.

బావ